కర్రసాము : సాధన - సాఫల్యం

ఉద్దేశం

తెలుగువారి ప్రాచీన వ్యాయామ విద్యలలో కర్రసాము ఒకటి. సామాన్యునికి అందుబాటులో ఉండే వెదురుకర్ర ఈ విద్యకు సాధనం. కర్రసాము నేర్చుకునే క్రమాన్ని, అందులోని శాస్త్రాన్ని, ఇటువంటి విద్యలు ఇతర ప్రాంతాలలో పోటీ క్రీడలుగా ఎదిగిన తీరును విద్యార్థులకు తెలియజేయడం, శిక్షణ లేని బలానికీ శిక్షణ పొందిన బలానికీ గల భేదాన్ని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'కర్ర ఉన్నవాడిదే బర్రె' అని తెలుగులో ఒక సామెత ఉన్నది. బలవంతునిదే న్యాయంగా చెలామణి అయ్యే లోకరీతిని ఎత్తిపొడిచే మాట ఇది. ఈ సామెతలో కర్ర దౌర్జన్యానికి గుర్తు. అదే కర్ర పశువుల కాపరి చేతిలో మందకు రక్షణ. వృద్ధుని చేతిలో ఊత. గుడ్డివాని చేతిలో కన్ను. కర్రకు తనంతట తానుగా మంచిచెడ్డలు లేవు. పట్టిన చేతిని బట్టి, ఆ చేయి పొందిన శిక్షణను బట్టి దాని స్వభావం మారుతుంది. ఈ సత్యం మీద నిలిచిన విద్యే కర్రసాము.

నెల్లూరు జిల్లాలో పెన్నానది ఒడ్డున సంగం అనే ఊరు ఉన్నది. సంగమేశ్వరుని ఆలయంతో ప్రసిద్ధి పొందిన ఈ ఊరివద్ద 1880 దశకంలో పెన్నకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. వరద వచ్చినప్పుడు ఊళ్ళను భయపెట్టే నీరు, ఆనకట్ట కట్టిన తరువాత కనిగిరి జలాశయానికి, కావలి కాలువకు మళ్ళి పైరుపచ్చలను పెంచింది. పాత ఆనకట్టకు తోడుగా నిర్మించిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఆనకట్ట నది బలాన్ని చంపలేదు. దానికి ఒక హద్దును, ఒక దారిని చూపింది. యువకుని చేతిలోని బలానికి కర్రసాము నేర్పే గురువు చేసే పని కూడా ఇటువంటిదే.

సాము - గరిడి - తాలింఖానా

'సాము' అనగా ఆయుధాలతో గాని, వట్టి చేతులతో గాని చేసే దేహసాధన. కత్తితో చేసేది కత్తిసాము. కర్రతో చేసేది కర్రసాము. ఈ సాధన జరిగే చోటు గరిడి. 'సాముగరిడీలు' అనే జంటపదం ఈ విధంగానే ఏర్పడింది. కన్నడ, తమిళ భాషలలో కూడా గరిడికి దగ్గరి మాటలు వాడుకలో ఉన్నాయి. మహమ్మదీయ పాలకుల కాలంలో 'తాలింఖానా' అనే మాట మన పల్లెలకు చేరింది. తాలీమంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. గురువు అనే అర్థంలోని 'ఉస్తాదు' తెలుగు నోట 'వస్తాదు' అయింది. ఒకే విద్యకు సంబంధించిన మాటలు ఇన్ని భాషల నుండి వచ్చి కలిసిపోవడం, ఈ విద్య మతభేదం లేకుండా జనంలో వ్యాపించినదని తెలుపుతున్నది. నేటికీ గ్రామదేవతల తిరునాళ్ళలోను, దసరా ఊరేగింపులలోను, మొహర్రం నాటి పీర్ల ఊరేగింపులలోను డప్పుల మోతకు అనుగుణంగా కర్ర తిప్పేవారు తెలుగునాట కనిపిస్తారు. ఉత్తరాంధ్రలో గరిడి ఇప్పటికీ ఊరేగింపులకు శోభనిచ్చే ప్రదర్శన కళ.

చరిత్రలో సాము

సాముగరిడీలకు మన చరిత్రలో గౌరవప్రదమైన స్థానం ఉన్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో, శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తబృందాల ఆటపాటలను వర్ణించాడు. ఆనాటి ప్రదర్శన కళలను తెలుసుకొనడానికి ఆ రచన గొప్ప ఆధారం. సురవరం ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలతో పాటు ప్రజల ఆటలకు, వినోదాలకు పెద్దపీట వేశాడు. ఒక జాతిని తెలుసుకోవాలంటే ఆ జాతి ఆడిన ఆటలను కూడా తెలుసుకోవాలని ఆ గ్రంథం మనకు నేర్పింది.

సుమారు 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వివరించాడు. రాయలు తెల్లవారక ముందే లేచి నువ్వులనూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులను ఎత్తేవాడు. తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేవరకు కత్తిసాము చేసేవాడు. పిమ్మట మల్లునితో కుస్తీపట్టి, గుర్రమెక్కి స్వారీ చేసేవాడు. 'ఆముక్తమాల్యద' వంటి ప్రౌఢ ప్రబంధాన్ని రచించిన చేయి, ప్రతి ఉదయం కత్తి తిప్పిన చేయి ఒకటే. చదువుకూ దేహసాధనకూ వైరుధ్యం లేదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో కోడి రామమూర్తి నాయుడు తన బలప్రదర్శనలతో దేశవిదేశాలలో కీర్తి పొంది 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగిన ఆయన వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, ఉపాధ్యాయుడుగా విద్యార్థులకు వ్యాయామం నేర్పాడు. గరిడిలో పుట్టిన విద్యకు పాఠశాలలోనూ చోటు ఉండాలని ఆయన జీవితం సూచిస్తున్నది.

సాధన క్రమం

కర్రసాము చూసేవారికి కర్ర ఒక్కటే కనిపిస్తుంది. నేర్చుకునేవారికి మొదట కర్ర కనిపించదు. గురువు తొలి దినాలలో శిష్యుని చేతికి కర్ర ఇవ్వడు. ముందుగా నేలకు, గురువుకు నమస్కరించడం నేర్పుతాడు. తరువాత నిలబడడం నేర్పుతాడు. మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు పాదాల మీద బరువు సమంగా ఉంచి, నడుము నిటారుగా నిలిపి ఎంతసేపైనా కదలకుండా ఉండగలగాలి. దాని తరువాత అడుగులు. ముందుకు, వెనుకకు, పక్కకు, వాలుగా, గుండ్రంగా వేసే అడుగులను వట్టి చేతులతో కొన్ని వారాలపాటు వేయిస్తాడు. అడుగు తప్పినవాని చేతిలో కర్ర నిలవదు. నాట్యం నేర్చుకునేవారికి అడవులు ఎటువంటివో కర్రసాముకు ఈ అడుగులు అటువంటివి.

ఇక కర్ర. దీనికి కణుపులు దగ్గరగా ఉండి, వంపు లేని, చేవగల వెదురును ఎంపిక చేస్తారు. కణుపులను నున్నగా చెక్కి, నీడన ఆరబెట్టి, నూనె పట్టిస్తారు. నూనె పట్టిన కర్ర తొందరగా పగలదు, అరచేతిని గీరదు. కర్ర పొడవు సాధారణంగా పట్టేవాని కనుబొమల ఎత్తు వరకు ఉంటుంది. అందుచేత పిల్లవాని కర్ర వేరు, పెద్దవాని కర్ర వేరు. పెరిగే పిల్లలు ఏటేటా చొక్కా మార్చినట్లే కర్రనూ మార్చవలసి వస్తుంది.

కర్ర చేతికి వచ్చిన తరువాత మొదటి పాఠం పట్టు. పిడికిలి మరీ బిగిస్తే కర్ర తిరగదు. మరీ వదిలితే జారిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు కర్రను పట్టి ఉంచాలి. మిగిలిన మూడు వేళ్ళు సందర్భాన్ని బట్టి విప్పుకొని మళ్ళీ మూసుకోవాలి. తిప్పే శక్తి భుజం నుండి గాక మణికట్టు నుండి రావాలి. కొత్తగా నేర్చుకునేవారు భుజబలంతో తిప్పబోయి అయిదు నిమిషాలలో అలసిపోతారు. మణికట్టుతో తిప్పడం అలవడినవారు అరగంట తిప్పినా అలసట కనిపించదు.

పట్టు కుదిరాక చుట్లు మొదలవుతాయి. ముందుగా దేహానికి కుడిపక్క, తరువాత ఎడమపక్క. ఆ రెండింటినీ కలిపితే కర్ర కొన గాలిలో అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకెను గీస్తుంది. కర్ర విద్యలన్నింటికీ ఈ ఎనిమిది అంకె ఓనమాల వంటిది. ఆ పైన తలమీద తిప్పడం, వీపు వెనుక చేయి మార్చడం, నడుము చుట్టూ తిప్పడం, కాలి కిందుగా దాటించడం వంటివి వరుసగా వస్తాయి. కుడిచేతితో చేసిన ప్రతిదానినీ ఎడమచేతితో కూడా చేయవలసిందే. ఎడమచేయి కుడిచేతికి సమానమయ్యేవరకు గురువు రెండో కర్రను ముట్టనివ్వడు.

ఒంటరి సాధన పూర్తయిన తరువాత జంటసాధన. ఒకరు దెబ్బ వేస్తారు, మరొకరు అడ్డుకుంటారు. తల, భుజం, పక్క, మోకాలు అనే నాలుగు చోట్లకు వచ్చే దెబ్బలను నాలుగు విధాలుగా కాచుకోవడం నేర్పుతారు. తొలిదినాలలో వేళ్ళ కణుపులు, మోచేతులు కమిలిపోవడం మామూలే. వేగం కంటె ముందు వరుస రావాలి. వరుస కంటె ముందు చూపు రావాలి. ఎదుటివాని కర్ర కొనను చూసేవాడు ఆలస్యంగా మేల్కొంటాడు. భుజాన్ని చూసేవాడు దెబ్బ బయలుదేరక ముందే దానిని పసిగడతాడు. ఈ మెళకువ పుస్తకం చదివితే రాదు. గురువు ఎదుట నిలబడి, పదేపదే తప్పి, పదేపదే సరిదిద్దుకొంటేనే వస్తుంది.

చుట్టులోని శాస్త్రం

కర్ర తిప్పడంలో భౌతికశాస్త్ర సూత్రాలు దాగి ఉన్నాయి. ఒకటిన్నర మీటరు పొడవు గల కర్రను నడిమికి పట్టి సెకనుకు రెండు చుట్ల వంతున తిప్పుతున్నారనుకొందాం. అప్పుడు కర్ర కొన ముప్పావు మీటరు వ్యాసార్ధం గల వృత్తంలో తిరుగుతుంది. లెక్కవేస్తే కొన వేగం సెకనుకు సుమారు 9.4 మీటర్లు, అనగా గంటకు దాదాపు 34 కిలోమీటర్లు అవుతుంది. పట్టిన చోటు దగ్గర కర్ర కదలిక చాల స్వల్పం. కొన మాత్రం సైకిలు వేగాన్ని మించి పరుగెడుతుంది. కర్రను ఒక చివరకు దగ్గరగా పట్టుకుంటే రెండో కొన పోయే వృత్తం పెద్దదవుతుంది. తిప్పే వేగం మారకపోయినా కొన వేగం పెరుగుతుంది. అయితే కర్రను తిప్పడానికీ, ఆపడానికీ మణికట్టు పడే శ్రమ కూడా పెరుగుతుంది. రక్షణకు నడిమి పట్టు, దూరపు దెబ్బకు చివరి పట్టు అనుకూలించడానికి కారణం ఇదే.

వేగంగా తిరిగే కర్ర కంటికి కర్రలాగా కనిపించదు, చక్రంలాగా కనిపిస్తుంది. కంటిపై పడిన ప్రతిబింబం క్షణకాలం నిలిచి ఉండడమే దీనికి హేతువు. కర్ర రెండు చివరలకు గుడ్డలు చుట్టి వెలిగించి తిప్పినపుడు చూపరులకు అగ్నివలయం కనిపించేది కూడా ఇందువల్లనే. దానిని చూసి ప్రజలు కరతాళధ్వనులు చేస్తారు. కాని ఆ వలయం మధ్యలో నిలిచినవాని నిబ్బరమే అసలైన విద్య.

ప్రదర్శన హద్దు దాటితే

మహాభారతం ఆదిపర్వంలో కుమారాస్త్ర విద్యా సందర్శన ఘట్టం ప్రసిద్ధమైనది. ద్రోణుడు తన శిష్యుల విద్యను ప్రజల ఎదుట ప్రదర్శింపజేస్తాడు. భీమ దుర్యోధనులు గదలు ధరించి రంగంలోకి దిగుతారు. చూసేవారు రెండు పక్షాలుగా చీలిపోయి కేకలు వేయడంతో ప్రదర్శన పోరుగా మారే సూచనలు కనిపిస్తాయి. అది గ్రహించిన ద్రోణుడు వెంటనే అశ్వత్థామను పంపి వారిద్దరినీ వారింపజేస్తాడు. శిష్యులకు గద తిప్పడం నేర్పిన గురువుకు దానిని ఎప్పుడు దించాలో చెప్పే బాధ్యత కూడా ఉన్నదని ఈ ఘట్టం బోధిస్తున్నది.

ఆ బాధ్యత వహించేవారు లేనిచోట ఏమి జరుగుతుందో మన రాష్ట్రంలోనే చూడవచ్చు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవం జరుగుతుంది. దీనిని బన్ని ఉత్సవమంటారు. స్వామి ఉత్సవమూర్తులను దక్కించుకొనేందుకు చుట్టుపక్కల గ్రామాలవారు వేల సంఖ్యలో కర్రలు ధరించి చీకటిలో తలపడతారు. అది తమకు పోరు కాదు, భక్తి అని వారి విశ్వాసం. ఆ విశ్వాసాన్ని చులకన చేయవలసిన పని లేదు. కాని ప్రతి సంవత్సరం అనేకులకు తలలు పగులుతున్నాయి. కొన్ని సంవత్సరాలలో ప్రాణాలు కూడా పోయాయి. అధికారులు ముందుగానే పోలీసులను మోహరించి, వైద్యశిబిరాలు ఏర్పాటు చేయవలసి వస్తున్నది. అక్కడ ఉన్నది కర్రే, ఇక్కడ ఉన్నదీ కర్రే. అక్కడ గుంపు ఉన్నది. ఇక్కడ గురువు ఉన్నాడు. దెబ్బ ఎక్కడ ఆగాలో తెలియని కర్ర ప్రమాదం. ఎదుటివాని తలకు జానెడు దూరంలో ఆగగల కర్ర విద్య. కర్రసాములో ఆరితేరినవాని గొప్పతనం కొట్టడంలో కంటె ఆపడంలో ఎక్కువగా తెలుస్తుంది.

విదేశాలలో దండవిన్యాసం

కర్ర తిప్పడాన్ని పోటీ క్రీడగా మలచినవారి అనుభవం మనకు ఉపయోగిస్తుంది. మన ఎన్.సి.సి. కవాతులోను, గణతంత్ర దినోత్సవ కవాతులోను బ్యాండు బృందానికి ముందు నడిచే నాయకుడు చేతిలో పొడవైన దండాన్ని ధరించి ఉంటాడు. దానిని తిప్పుతూ, ఒక్కొక్కప్పుడు పైకి ఎగురవేసి పట్టుకుంటూ వాద్యకారులకు సంజ్ఞలిస్తాడు. ఐరోపా సైన్యాలలో వాడుకలో ఉన్న ఈ పద్ధతి నుండి 'బేటన్ ట్విర్లింగ్' అనే క్రీడ పుట్టింది. అమెరికాలో 1930 దశకం నాటికి కళాశాల బ్యాండ్ల ముందు బాలికలు చిన్న దండాలను తిప్పుతూ నడవడం ప్రసిద్ధి పొందింది. క్రమంగా బ్యాండుతో నిమిత్తం లేకుండానే పోటీలు జరగసాగాయి. 1977లో ప్రపంచ బేటన్ ట్విర్లింగ్ సమాఖ్య ఏర్పడింది. 1980లో అమెరికాలోని సియాటిల్ నగరంలో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి.

బేటన్ సన్నని లోహపు కడ్డీ. దాని రెండు చివరలా రబ్బరు బిరడాలు ఉంటాయి. ఒక బిరడా పెద్దది, మరొకటి చిన్నది. అందువల్ల దాని గురుత్వకేంద్రం సరిగా నడుమ ఉండక పెద్ద బిరడా వైపు కొద్దిగా జరిగి ఉంటుంది. కర్ర పొడవును కనుబొమలతో కొలిచినట్లే, బేటన్ పొడవును చేతి పొడవుతో కొలుస్తారు. ఈ క్రీడలో మూడు విధాల కదలికలు ముఖ్యమైనవి. చేతిలో ఉంచి తిప్పడం మొదటిది. గాలిలోకి ఎగురవేసి పట్టుకోవడం రెండవది. చేతితో పట్టకుండా మోచేతుల మీదుగా, మెడ మీదుగా దొర్లించడం మూడవది. బేటన్‌ను చేతికి ఆరు మీటర్ల పైకి విసిరితే అది తిరిగి అందడానికి సుమారు రెండు సెకన్లకు కొంచెం పైగా పడుతుంది. ఆ రెండు సెకన్లలో క్రీడాకారిణి తన చుట్టూ తాను అయిదారుసార్లు తిరిగి, చూడీచూడకుండానే బేటన్‌ను అందుకోవాలి. ఇదంతా సంగీతానికి అనుగుణంగా జరగాలి. న్యాయనిర్ణేతలు కదలిక కష్టాన్ని, శుద్ధిని, సౌందర్యాన్ని విడివిడిగా అంచనా వేస్తారు. బేటన్ నేల జారితే మార్కులు తగ్గుతాయి.

అమెరికాలో పెరిగిన ఈ క్రీడలో జపాన్ దేశం అగ్రస్థానానికి చేరుకొనడం గమనింపదగిన విషయం. జపాన్‌కు చెందిన సెయిషి ఇనగాకి ఈ క్రీడలో అనేక పర్యాయాలు ప్రపంచ విజేతగా నిలిచాడు. బాలికల క్రీడగా పేరుపడిన దానిలో ఒక పురుషుడు, పుట్టిన దేశాన్ని వదిలి మరొక దేశం ఈ స్థాయికి చేరగలిగాయంటే కారణం ఒకటే. కదలికలకు పేర్లు పెట్టారు. నియమాలు రాశారు. మార్కులు కేటాయించారు. నియమం రాసిన తరువాత ఆ విద్య ఎవరికైనా అందుతుంది. ఒక ఊరి సొత్తుగా ఉన్నది లోకానికి సొత్తవుతుంది.

గుర్తింపు బాటలో మన విద్యలు

కర్రతో ఆడే విద్యలు ప్రపంచంలో చాలచోట్ల ఉన్నాయి. ఈజిప్టులోని 'తహతీబ్' అనే కర్ర ఆటను యునెస్కో సంస్థ 2016లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన దేశంలో పంజాబీల 'గత్కా', తమిళుల 'సిలంబం' పేరుపొందినవి. గత్కాకు ఖేలో ఇండియా యువజన క్రీడలలో స్థానం లభించింది. 2023లో గోవాలో జరిగిన జాతీయ క్రీడలలో కూడా దానిని చేర్చారు. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా నిర్వహించారు. సిలంబం పోటీలలో ఒంటి కర్ర తిప్పడం, జంట కర్రలు తిప్పడం, ఎదురెదురుగా తలపడడం వంటి విభాగాలు ఉంటాయి. తలపడే విభాగంలో ఎదుటివారిని గాయపరచడం గొప్ప కాదు. కర్రతో నియమబద్ధంగా తాకడం వల్లనే అంకెలు వస్తాయి.

తెలుగునాట కర్రసాము నేర్చిన బాలబాలికలు నేడు ఈ సిలంబం పోటీలలో పాల్గొంటున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. పొరుగువారి నియమావళి మన పిల్లలకు వేదికనిచ్చింది. అయితే ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. పోటీలో మార్కులు వచ్చే కదలికలనే పిల్లలు సాధన చేస్తారు. మార్కులు రాని కదలికలు మెల్లగా మరుగున పడతాయి. మన గరిడీలలో తరతరాలుగా నేర్పుతూ వచ్చిన అడుగులు, వరుసలు, వాటి పేర్లు ఎక్కువగా గురువుల నోటిలోనూ, ఒంటిలోనూ ఉన్నాయి. వ్రాతలో ఉన్నవి తక్కువ. ఊరిలో చివరి వస్తాదు కన్నుమూస్తే, ఆ ఊరి వరుస ఆయనతోనే పోతుంది. తాళపత్ర గ్రంథం చెదలుపడితే దాని ప్రతి మరొకచోట దొరకవచ్చు. మనిషి దేహంలో దాగిన విద్యకు మరొక ప్రతి ఉండదు. ఆ ప్రతిని తయారుచేసే మార్గం ఒక్కటే. అది శిష్యుడు.

ఆ విద్య దేహంలో ఎంత గట్టిగా నిలుస్తుందో 2020లో దేశం చూసింది. కరోనా రోజులలో పుణె నగర వీధిలో ఒక వృద్ధురాలు రెండు చేతులా రెండు కర్రలను తిప్పుతూ బతుకుతెరువు వెదుక్కుంటున్న దృశ్యం దేశమంతటా ప్రచారమైంది. ఆమెకు అప్పటికి ఎనభై అయిదేళ్ళు. వీధి ప్రదర్శనలు చేసే కుటుంబంలో పుట్టి, బాల్యంలో నేర్చిన విద్య ఆ వయసులో కూడా ఆమె మణికట్టును విడిచిపోలేదు. ఆ దృశ్యాన్ని చూసి మెచ్చుకున్నవారు ఎందరో. ఆ వయసులో కూడా ఆ విద్యావంతురాలు వీధిలో చేయిచాచవలసి రావడం సిగ్గుపడవలసిన విషయమని తలచినవారు కొందరు. విద్యకు మెప్పు చాలదు. విద్యావంతునికి జీవిక కూడా కావాలి. ఊరేగింపునాడు చప్పట్లు కొట్టి, మరునాడు మరచిపోయే సమాజంలో ఏ కళా నిలవదు.

బాలికలకు బాసట

కర్రసాము బాలికలకు విశేషంగా ఉపకరించే విద్య. ఇందులో దేహబలం కంటె ఒడుపు ముఖ్యం. చేతి పొడవుకు కర్ర పొడవు తోడై, ఎదుటివానిని దూరంగా నిలుపుతుంది. ప్రభుత్వ పాఠశాలల బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే పథకం సమగ్ర శిక్షా కార్యక్రమంలో భాగంగా అమలులో ఉన్నది. సాధారణంగా ఇటువంటి శిక్షణలో కరాటే వంటి విద్యలకు ప్రాధాన్యం ఉంటుంది. దానికి తోడు స్థానిక గురువులు ఉన్నచోట కర్రసామును కూడా నేర్పించగలిగితే, బాలికలకు ధైర్యం, గురువులకు ఆదరణ, విద్యకు ఆయుష్షు ఒకేసారి సమకూరుతాయి.

కర్రసాము నేర్చినవారంతా పతకాలు సాధించలేకపోవచ్చు. అయినా వారు పొందే ప్రయోజనం తక్కువ కాదు. రెండు చేతులూ సమానంగా పనిచేస్తాయి. చూపు నిలుస్తుంది. ఊపిరి అదుపులోకి వస్తుంది. అన్నిటికంటె మించి కోపం అదుపులోకి వస్తుంది. కోపంతో తిప్పిన కర్ర మొదట తగిలేది తిప్పినవాని మోకాలికే. ఈ పాఠాన్ని ప్రతి శిష్యుడూ తన ఒంటి మీద దెబ్బతోనే నేర్చుకుంటాడు. నేర్చుకున్నవాడు జీవితంలో మరచిపోడు.

ఉపసంహారం

సంగం ఆనకట్ట వద్ద నిలబడి చూస్తే ఒకవైపు నిండిన నీరు, మరొకవైపు కాలువలలో బారులు తీరి సాగిపోయే నీరు కనిపిస్తుంది. రెండూ పెన్నమ్మ నీరే. హద్దు ఎరిగిన నీరు పొలానికి ప్రాణం. శిక్షణ ఎరిగిన బలం సమాజానికి రక్ష. మన పల్లెలలో గరిడీలు కొన్ని మూతపడ్డాయి. కొన్ని కొనఊపిరితో ఉన్నాయి. వాటిలోని గురువుల దగ్గరకు యువతీయువకులు వెళ్ళాలి. అడుగులు నేర్చుకోవాలి. వరుసల పేర్లు అడిగి రాసుకోవాలి. నేర్చినదానిని మరొకరికి నేర్పాలి. అప్పుడు 'కర్ర ఉన్నవాడిదే బర్రె' అనే సామెతకు కొత్త అర్థం చెప్పవచ్చు. కర్ర ఉన్నవాడిది బర్రె కాదు, బాధ్యత.

అర్థాలు

ఊత = ఆధారం
గరిడి = సాము నేర్చుకునే స్థలం
తాలింఖానా = వ్యాయామశాల
వస్తాదు = సాము, కుస్తీ నేర్పే గురువు
చేవ = గట్టిదనం
ఒడుపు = నేర్పు, ఉపాయం
నిబ్బరం = చలించని ధైర్యం
బాసట = అండ
జీవిక = బతుకుతెరువు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కర్రసాము సాధన క్రమాన్ని వివరించండి.
2. బేటన్ ట్విర్లింగ్ ప్రపంచ క్రీడగా ఎదిగిన తీరు కర్రసాముకు ఏ విధంగా మార్గదర్శకమో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఆరు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కుమారాస్త్ర విద్యా సందర్శన ఘట్టం ద్వారా రచయిత చెప్పదలచిన నీతి ఏమిటి?
2. కర్రను నడిమికి పట్టడానికి, చివరకు పట్టడానికి గల భేదమేమి?
3. 'మనిషి దేహంలో దాగిన విద్యకు మరొక ప్రతి ఉండదు' - ఈ వాక్యాన్ని వివరించండి.

III. మీ ఊరిలో గాని, సమీప గ్రామంలో గాని కర్రసాము, కోలాటం, చెక్కభజన వంటి విద్యలు తెలిసిన పెద్దలను కలుసుకొని, వారు నేర్చుకున్న తీరును తెలుసుకొని ఒక వ్యాసం రాయండి.